వంచిన నెంబరు ప్లేటు

మాచర్ల నుంచి నరసరావుపేట వస్తున్న బస్సులో, గోళ్లలో గ్రీసు నల్లగా పట్టేసిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. కారంపూడిలో బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా పెట్టిన మోటారు సైకిళ్లకు ట్రాఫిక్ కానిస్టేబుల్ ఫోనుతో ఫొటోలు తీస్తున్నాడు. ఇక చలానాలు ఫోన్లకే వస్తాయి.

"నా బండికి ఆ బాధ లేదు. నెంబరు కనపడకుండా ప్లేటు పైకి వంచి పెట్టించా," అన్నాను గొప్పగా.

ఆయన నవ్వలేదు.

"నాది మెకానిక్ షెడ్డు బాబూ. అట్టా చానామందికి నేనే వంచా. పోయిన ఎండాకాలం మా ఇంటిదాన్ని ఎవడో బండోడు గుద్దేసి పోయాడు. ఇయ్యాళ్టిదాకా మంచం దిగలా. నలుగురు చూశారు. నెంబరు చెప్పండయ్యా అంటే, ప్లేటు పైకి వంచి ఉందన్నారు."

"పోలీసులకు చెప్పలేదా?"

"ఏందని చెప్పను? అది నా చేత్తో వంచిందేనేమో."

అరచేతులు ఒకసారి తిరగేసి చూసుకున్నాడు.

నరసరావుపేటలో బస్సు దిగి, బస్టాండు దగ్గర పెట్టిన నా బండి ప్లేటును చేత్తోనే కిందికి లాగాను. మడత గీత ఉండిపోయింది, నెంబరు మాత్రం కనపడుతోంది.

ఇప్పుడు చలానా వచ్చిన ప్రతిసారీ కానిస్టేబుల్‌ను తిట్టుకుంటాను. ప్లేటు జోలికి మాత్రం పోను.