పై అరలో మా తాత

మేం విమానం ఎక్కబోతున్నామన్న కబురు నాకు మొదట చెప్పింది మా చిన్నాయిన, అంటే మా బాపు (నాన్న) తమ్ముడు. ఆ రోజుల్లో, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, మా నర్మెట్ట వైపు విమానమంటే తలెత్తి చూసేదే తప్ప ఎక్కేది కాదు. తాత అస్థికలు కాశీలో కలపాలి. "అన్న కాలు ఇరిగి కట్టుల ఉన్నది, రాలేడు. అవ్వ మోకాళ్ళకు రైలు పడదు. విమానంల పోదాం. నువ్వు గూడ రా, ఆడ ఇంగ్లీషు సదివేటోళ్ళు గావాలె" అన్నాడు. ఉబ్బసం వల్ల బడికి పోలేక ఇంట్లో బాపు దగ్గరే చదువుకున్నదాన్ని, ఆ మాటకు పొంగిపోయాను. టికెట్టు కాగితం మీది నిబంధనలు మూడుసార్లు చదివి, అర్థం కానివన్నీ అక్కర్లేనివని తేల్చుకున్నాను.

మా దగ్గర అస్థికలను నీళ్ళలో కలిపేదాకా నేల మీద పెట్టరు, ఇంట్లోకి తేరు. ఎర్రగుడ్డలో మూటకట్టి చేను గట్టున వేపకొమ్మకు వేలాడదీస్తారు. "మరి విమానంల ఏడ తగిలిస్తవే?" అని అడిగింది మా నాయనమ్మ. (ఆమెను మేం అవ్వ అనే పిలుస్తాం.) "బస్సులనే కొక్కెం ఉంటది, గంత పెద్ద విమానంల ఉండదా?" అన్నాను ధీమాగా. అవ్వ నన్ను నమ్మి, మూట కోసం పొడుగు కాడలున్న గుడ్డసంచి ఒకటి కుట్టించింది.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర చిన్నాయిన తాత దహనం కాగితాలు చూపించాడు, వాళ్ళు మర్యాదగా పంపించారు. లోపల ఆయనకు ఎక్కడో వెనక సీటు, మా ఇద్దరికీ ముందు. నేను కొక్కెం కోసం అందినంత మేరా తడిమాను. చివరికి ముందు సీటు వీపుకున్న భోజనపు బల్ల గడియకు సంచి తగిలించాను. గడియ తిరిగి, బల్ల వచ్చి నా మోకాళ్ళ మీద పడింది. సంచిని అవ్వ గాలిలోనే అందుకుంది. మళ్ళీ తగిలించాను. మళ్ళీ పడింది.

అంతలో విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చింది. "అలా వేలాడదీయకూడదండి. పైకి లేచేటప్పుడు కుదుపుకి ఎగిరి ఎవరికైనా దెబ్బ తగులుతుంది. ముందు సీటు కింద పెట్టేయండి" అంది.

"ఆయన ఎవల మీద చెయ్యెత్తెటోడు గాదు బిడ్డ" అంది అవ్వ.

ఆ పిల్లకు అర్థం కాలేదు. సీటు కింద పెడితే కాళ్ళ దగ్గర పెట్టినట్టే, అవ్వ ఒప్పుకోదు. పై అరలు అప్పటికే నిండిపోయాయి. సంగతి చెబితే చుట్టూ ఉన్నవాళ్ళు మైల అని గొడవ చేస్తారేమో, మమ్మల్ని దింపేస్తారేమో. "ప్రసాదం అండి, కింద పెట్టకూడదు" అనేశాను. (ఆ అబద్ధానికి దేవుణ్ణి ఎన్నిసార్లు క్షమించమని అడిగానో లెక్కలేదు.)

నడవకు అవతల కూర్చున్న పెద్దమనిషి మా వైపు వంగాడు. "కాశీ నుంచి తెచ్చుకుంటరు గనీ, కాశీకి తీస్కపోవుడేందమ్మా? ఏ గుడిది? జర ఇయ్యి, కండ్లకద్దుకుంట" అని చెయ్యి చాచాడు.

అవ్వ నా మొహం చూసింది. "ఇయ్యవే మరి, అడుగుతుండు గదా" అంది నిదానంగా.

ఇక నిజం చెప్పక తప్పలేదు. "మా తాత. గంగల కలపనీకె తీస్కపోతున్నం" అన్నాను తల వంచుకుని. చాచిన చెయ్యి అక్కడే ఆగింది. కాసేపటికి రెండో చెయ్యి వచ్చి దానితో కలిసింది. దండం పెట్టి, ఆయన లేచి, మా తల మీది అరలోంచి తన బ్యాగు దించుతూ, "నా బ్యాగు కింద పెడ్త తియ్యమ్మా, దానికేం పట్టింపు లేదు" అన్నాడు ఆ పిల్లతో.

ఆమె ఆ ఖాళీలో సంచిని నిలబెట్టి, కదలకుండా రెండు పక్కలా దుప్పట్లు చుట్టి దోపింది. మూత వేసి, పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూసింది. "నేలకి తగలదు, కాళ్ళకి తగలదు అమ్మమ్మా. మీ తల మీదే ఉంటారు" అంది.

"బతికినన్నొద్దులు గూడ నెత్తి మీదనే కూసున్నడు" అంది అవ్వ. తాత పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

విమానం దిగీ దిగగానే, జనగామ స్టాండులో బస్సు ఆగినట్టు అందరూ లేచి అరలు తెరవసాగారు. అవ్వ వేళ్ళు నా మణికట్టును బిగించి పట్టుకున్నాయి. ఆ పిల్ల జనానికి ఎదురొచ్చి మా అర మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "ఇది నేనే తీస్తానండి, మీరు నడవండి" అని ఒక్కొక్కరికీ చెబుతూ, నడవ ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. తర్వాత నిండు పాలగిన్నె దించినట్టు రెండు చేతులా దించి అవ్వ చేతుల్లో పెట్టింది. "సల్లగుండు బిడ్డ" అని అవ్వ ఆమె తల నిమిరింది. మర్నాడు తాత గంగలో కలిశాడు, దారిలో ఎక్కడా నేల తాకకుండా.

ముందే నిజం చెప్పి ఉంటే అంత పరేషానీ ఉండేది కాదు. దయ అనేది అడిగితే దొరుకుతుందని పందొమ్మిదేళ్ళ ఆ తెలివిగలదానికి తెలియదు. తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. ఆ పిల్ల పేరైనా అడగలేదు నేను. మీరెప్పుడైనా విమానమెక్కి మీ సంచి పైన పెట్టి మూత వేసేటప్పుడు, ఆమె ఎక్కడున్నా చల్లగా ఉండాలని నా తరఫున ఒక్కసారి తలుచుకోండి.