శనివారం తెల్లవారుజాము

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో నన్ను బందరుకు లైజన్ ఆఫీసరుగా పంపారు. అప్పటికి వైమానిక దళంలోని అంతరిక్ష రక్షణ విభాగంలో నా హోదా వింగ్ కమాండర్. మాది పెదపారుపూడి దగ్గర పల్లె కాబట్టి, తీరం మనుషులతో తెలుగులో మాట్లాడడానికి నేనైతే సరిపోతానని పైవాళ్లు అనుకున్నారు.

అంతరిక్ష రక్షణ అంటే ఉపగ్రహాలను పేల్చడమని చాలామంది అనుకుంటారు. మా పని ఎక్కువగా సంకేతాలతోనే. దారి చూపే ఉపగ్రహం నిజానికి ఒక గడియారం. అది సెకనులో వంద కోట్లవ వంతు తప్పినా కింద మన చోటు ఒక అడుగు అటూ ఇటూ అవుతుంది. శత్రువు ఆ సంకేతాన్ని చెడగొడితే మన ఓడలు తట్టుకోగలవా అని చూడడానికి, దివిసీమ ఎదుట సముద్రంలో కొంతమేర మేమే దాన్ని నాలుగు గంటలు చెడగొట్టబోతున్నాం. ఆ వేళ పడవలు అటు రాకూడదు.

హెచ్చరిక ఇంగ్లీషులో వచ్చింది. మా కాగితాల్లో సమయం గ్రీనిచ్ లెక్కలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం. శనివారం రాత్రి పదిన్నర నుంచి అని ఉన్నదాన్ని, తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది వరకు అని తెలుగులో నా చేత్తోనే రాశాను. గంటలు మార్చాను గానీ వారం మార్చలేదు. ఆదివారం అని ఉండాల్సిన చోట శనివారం అనే ఉండిపోయింది.

జాలర్ల తరఫున పెద్దిరాజు గారు వచ్చారు. అరవై దాటిన మనిషి, ఒక మోటారు పడవకు యజమాని. కాగితం రెండుసార్లు చదివించుకుని అడిగారు.

"మాకు పొద్దు పొడిస్తేనే రోజు మారినట్టండి. శనివారం తెల్లారగట్ల అంటే శుక్రవారం రాత్రి పోయాక వచ్చేదాండి, శనివారం రాత్రి పోయాక వచ్చేదాండి?"

ఇంగ్లీషు కాగితం నా చేతిలోనే ఉంది. చూడలేదు. "శుక్రవారం రాత్రి పోయాకేనండీ. బడికెళ్లే పిల్లల్నడిగినా చెప్తారు" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వి ఊరుకున్నారు.

శనివారం పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆదివారం పొగమంచు విడిచాక వెళ్దామని మిగతావాళ్లు ఆగితే, పెద్దిరాజు గారు జీపీఎస్ ఉందన్న ధీమాతో ముందే బయల్దేరారు. అది తప్పు దారి చూపించింది. పడవ హంసలదీవి దగ్గర ఇసుక మేట ఎక్కి అడుగు పగిలింది. పడవలో ఉన్న నలుగురూ ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు.

నిషేధించిన వేళ సముద్రంలోకి వెళ్లినందుకు ఆయన లైసెన్సు ఆపాలా వద్దా అన్న విచారణ నాకే అప్పగించారు. అప్పుడు గానీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడలేదు. చూశాక వారం తప్పు నా చేతిదేనని తెలిసింది.

పెద్దిరాజు గారు నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు విడమరిచే చెప్పారు కదండి. నాకే ఎక్కడో లెక్క తప్పుంటది" అన్నారు. పదోన్నతి జాబితాలో నా పేరుంది. ఆయన మాటను వాంగ్మూలంగా రాసుకున్నాను, తప్పు ఒప్పుకున్నారని నివేదికలో పెట్టాను. కింద 'జతపరచినవి: ఒకటి' అని రాసి, ఇంగ్లీషు హెచ్చరిక మాత్రం కలిపాను. ఉన్న ఒక్క తెలుగు కాగితం నా పెట్టెలోకి వెళ్లింది.

ఏడాదిపాటు లైసెన్సు ఆపేశారు. ఆ ఏడాదంతా ఆయన, సొంత పడవ నడిపిన మనిషి, మరొకరి పడవలో వలలు లాగారు. నాకు పదోన్నతి వచ్చింది.

ఇప్పుడు బందరులోనే ఉంటున్నాను. చేపలకు మాత్రం గుడివాడ వెళ్తాను. సముద్రం పక్కన పెట్టుకుని ఇదేం చోద్యమండీ అని మా ఆవిడ నవ్వుతుంది. ఒకసారి ఇక్కడి మార్కెట్లో పెద్దిరాజు గారు ఎదురై, "బాగున్నారాండి" అని చెయ్యెత్తి దణ్ణం పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడూ నిజం చెప్పలేదు.

గంటలు మార్చినవాడు వారం కూడా చూసుకోవాలని ఆ ఉదంతం నాకు నేర్పింది. తన తప్పు మీద విచారణ తన చేతికే వస్తే వద్దనాలన్నది మాత్రం అది నేర్పింది కాదు. అది నాకు అప్పటికే తెలుసు.