ఫ్లాపుల్లేని విమానాన్ని నేను ఆపిన వైనం

ఎగరబోయే విమానాన్ని ఒట్టి నోటితో ఆపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. ఎనభైమంది ప్రయాణాన్నీ, మా బావ పరువునూ, నా కొత్త ఉద్యోగాన్నీ ఒక్క కేకతో ముంచబోయాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మా అక్క మొగుడు అప్పలనాయుడు బావ గల్ఫ్‌లో వెల్డరు. కాళ్లావేళ్లా పడి తన కంపెనీలోనే నాకూ పని ఇప్పించాడు. బయల్దేరే ముందు నెలరోజులు మా ఊరు నౌపడలో మంచం దిగకుండా ఫోన్లో విమానాల వీడియోలు చూశాను. పైలట్లకు ఏళ్లు పట్టే చదువు నాకు రెండు రీచార్జులతో పూర్తయింది.

బావతో కలిసి గల్ఫ్‌కెళ్లే పెద్ద విమానంలో రెక్క పక్కనే కూర్చుని పాఠం మొదలెట్టాను.

"సూడు బావా, రెక్క ఎనకాల పలకలు దిగుతన్నాయి. అవే ఫ్లాపులు. అవి దిగకపోతే ఇమానం నేల ఒదల్దు."

"ఒరే రమణా, ఎంత తెలివిరా నీకు!" అన్నాడు బావ. ఆ మెప్పే కొంప ముంచింది.

మర్నాడు ఎడారిలో మా పనిచోటుకి చిన్న విమానం ఎక్కించారు. తోక దగ్గర రెండు ఇంజన్లున్న పాత రకం. రన్‌వే వైపు కదిలింది. రెక్క చూశాను. ఇస్త్రీ పంచెలా నున్నగా ఉంది. ఫ్లాపు అంగుళమైనా దిగలేదు.

"బావా, ఫ్లాపులు దింపలేదు!"

"దింపుతార్లే. కూకో."

"పైలట్ మర్సిపోనాడు. సచ్చిపోతాం!"

"ఆడికి తెల్దేటి? నోర్ముయ్!"

మూశానా? బెల్టు విప్పి లేచి, "నో ఫ్లాప్స్! స్టాప్!" అని రైలు తప్పిపోతున్నవాడిలా అరిచాను. ఎయిర్‌హోస్టెస్ గబగబా కెప్టెన్‌కి ఫోన్ చేసింది. విమానం పక్కకు తిరిగి ఆగింది. తాటిచెట్టంత కెప్టెన్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆయన ఇంగ్లిషులో చెప్పినదాని సారం ఇది: "ఈ రకం రెక్క ఫ్లాపుల్లేకుండానే విమానాన్ని ఎత్తగలదు. రన్‌వే పొడవుంది, బరువు తక్కువుంది. ఫ్లాపులు దింపితే తొందరగా లేస్తాం, కానీ అవే గాలికి అడ్డుపడి వెనక్కి లాగుతాయి. దింపకపోతే ఇంకాస్త దూరం పరుగెత్తాలి, లేచాక మాత్రం చురుగ్గా పైకెక్కుతాం. అన్ని విమానాలకూ ఈ వీలుండదు. దీనికుంది."

నా మొహం మాడిన అట్టులా అయింది. ఆయన మాత్రం నవ్వి చెయ్యి కలిపాడు. "తప్పే చెప్పావు, కానీ ఊరుకోకుండా చెప్పావు. ఈసారి బెల్టు విప్పకు, బెల్లు నొక్కు." జనమంతా చప్పట్లు కొట్టారు.

బావకి ఇంగ్లిషు రాదు. చెయ్యి కలపడం చూశాడు, చప్పట్లు విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. విమానం దిగీదిగగానే అక్కకి ఫోన్ కొట్టాడు.

ఏడాది తర్వాత సెలవు మీద నౌపడ స్టేషన్లో దిగితే డప్పులు! దండలు! "మా ఓడు అరవకపోతే ఇమానం ఇసకలో కూలిపోయుండేది!" అని అమ్మ కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది. సర్పంచి గారు శాలువా కప్పారు. నిజం చెబుదామని నోరు తెరిచాను. లడ్డూ పెట్టారు.

మొరిగే కుక్క కరవదంటారు. మొరిగిన కుక్కకి సన్మానం చేస్తారని మాత్రం ఆరోజే తెలిసింది.

అందుకే శ్రీకూర్మం స్వామి సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఈ జన్మలో ఏ కెప్టెన్‌కీ పాఠం చెప్పను. చప్పట్లు కొడితే వద్దనను.