మూడు గుంటలు

ఎటు తిప్పితే అటు, పైనా కిందా కూడా కనిపించే ఫొటోలు తీయడం నా పని. అందులో నన్ను ఎప్పుడూ విసిగించేది నేల. చుట్టూ తీశాక అడుగున కెమెరా స్టాండు కాళ్లే కనిపిస్తాయి. స్టాండు జరిపి, అది నిలబడ్డ చోటుని విడిగా ఇంకో ఫొటో తీసి అతికించాలి. ఆ నేలని ఎవడు చూస్తాడని నా గొణుగుడు.

కిందటేడు అరకు దాటి కొండ మీద ఒక ఊరికి వెళ్లాను. కాఫీ తోట పక్కన ఒకావిడ తన ఇంట్లో ఒక గదిని టూరిస్టుల కోసం సిద్ధం చేసింది. ఫొటో చూసి జనం వస్తారని ఆమె ఆశ. ఆమె ముగ్గురు ఆడపిల్లలూ పొద్దున్నే వాకిలంతా ఎర్రమట్టితో అలికి, నూనె రాసి జడలేసుకుని అరుగు మీద నిలబడ్డారు. కుదురుగా నిలబడితేనా! "కదిలితే ఫొటో పాడవుతుంది" అని రెండుసార్లు కసిరాను.

చుట్టూ తీయడం అయింది. స్టాండు ఎత్తి చూస్తే ఇంకా ఆరని వాకిట్లో దాని కాళ్లు దిగబడి ఉన్నాయి. ప్రాణం ఉసూరుమంది. విశాఖలో కూర్చుని ఈ ఫొటోలన్నీ కలిపే మిత్రుడికి ఫోన్ చేశాను.

"ఇక్కడ మూడు గుంటలున్నాయి. అసహ్యంగా ఉన్నాయి. కనపడకుండా తుడిచెయ్."

ఫోన్ పెట్టి తిరిగేసరికి అరుగు ఖాళీ. తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"మాకీ ఫొటో వద్దు బాబూ. ఎవులు రాకపోయినా పర్నేదు."

"ఏమైందమ్మా?"

"మా గుంటలేటి తప్పు సేసినారు? తుడిసీమంతన్నావు. పొద్దుట్నుంచి తిండి కూడా తిననేదు, ఫొటో అని."

నాది గుంటూరు వైపు. మాకు గుంట అంటే గొయ్యి. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల అని అప్పుడు వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని, స్టాండు దిగబడిన చోట్ల వేలు పెట్టి చూపించాను.

"ఇవమ్మా. వీటిని తుడవమన్నాను."

ఆమె వంగి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గొయ్యనాల గానీ గుంటంతారేటి?" అని, లోపలికి తిరిగి, "బేగి రండే, మిమ్మల్ని కాదంట" అని కేకేసింది.

ముగ్గురూ మట్టి తెచ్చి తలా ఒక గుంట పూడ్చి, అరచేత్తో అదిమారు. నా నీడ పడకుండా చేతులు బాగా చాచి, కెమెరాని కిందికి తిప్పి, ఆ నేలని మొదటిసారి ఇష్టంగా తీశాను.

మర్నాడు మిత్రుడు ఫోన్ చేశాడు. "పిల్లలు బాగా వచ్చారు. కింద నేల మీద మాత్రం మూడు తడి మచ్చలున్నాయి, చిన్న చేతుల గుర్తులతో. తుడిచెయ్యనా?"

"ముట్టుకోకు," అన్నాను. "అవి ఆ ఇంటి గుంటలు."