ఏరో బార్లు వద్దన్నవాడు

ఆటోనగర్‌లో మాది బేరింగుల కొట్టు. లారీవాళ్ళు వచ్చి "ఇది మార్చాలా భాయ్?" అని అడుగుతారు. అరగకపోతే వద్దని పంపించేస్తాను. మా నాన్న నేర్పిన పద్ధతి అది. కొనమని వెంటపడేవాణ్ణి మా బజారులో ఎవరూ నమ్మరు. వద్దన్నవాణ్ణి మాత్రం కళ్ళు మూసుకుని నమ్ముతారు. నేనూ అలాగే నమ్మాను. కొంప మునిగింది అక్కడే.

నలభై దాటాక నాకు ట్రయాథ్లాన్ పిచ్చి పట్టింది. ఈత, సైకిలు, పరుగు, ఒకదాని వెంట ఒకటి. నిరుడు ఈత బాగానే అయింది గానీ సైకిలు దగ్గర గడువు దాటిపోయింది. గడువులోగా రాకపోతే పరుగుకి పంపరు. మా ఆవిడ పరుగు దారి పక్కన నిమ్మకాయ నీళ్ళ సీసా పట్టుకుని, ఎండలో నిలబడీ నిలబడీ, చివరికి ఆ నీళ్ళు తనే తాగేసింది. ఈ ఏడు ఆ సీసా పరిగెడుతూ నేను అందుకోవాలి. నా కోరికల్లా అదే.

తగ్గాల్సిన సమయం కాళ్ళు కొంత తగ్గిస్తాయి, మిగతాది సైకిలే తగ్గించాలి. ఏం కొనాలా అని ఫోనులో వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది. కార్బన్ చక్రాలన్నాడొకడు, తోక ఉన్న హెల్మెట్ అన్నాడింకొకడు. నా మనసు మాత్రం ఏరో బార్ల మీద పడింది. హ్యాండిల్ మీంచి ముందుకు చాచి ఉండే రెండు కడ్డీలవి. మోచేతులు ఆనించి వాటి మీదికి ఒంగితే ఒంటికి గాలి తక్కువ తగులుతుంది. నా ఒళ్ళేమో బీరువా అంత.

అడగడానికి నాకున్నది ఒక్కడే, నాతోపాటు తొక్కే మిత్రుడు. బ్యాంకులో పని. నాకంటే రెండేళ్ళు చిన్న, పోటీలో ఇద్దరిదీ ఒకే వయసు వర్గం. తెల్లారకముందే ఫజర్ నమాజు చదువుకుని నేను బెంజ్ సర్కిల్ చేరేసరికి వచ్చి ఉండేవాడు. హనుమాన్ జంక్షన్ దాకా తొక్కడం, అక్కడ టీ తాగి వెనక్కి రావడం. వచ్చేటప్పుడు పడమటి గాలి మొహాన కొట్టేది.

"మీరు ముందుండండి భాయ్. మీ వెనకైతే నాకు ఏసీ బస్సులో ఉన్నట్టుంటది" అనేవాడు. నేను నవ్వుకుంటూ ఆ గాలంతా మింగేవాణ్ణి.

ఒకరోజు టీ దగ్గర అడిగేశాను.

"చక్రాలు దండగ భాయ్. ఆ హెల్మెట్ పెడితే మన ఎండకి బుర్ర ఉడికిపోద్ది. మంచి టైర్లు వేయించండి, చాలు" అన్నాడు.

"మరి బార్లు?"

"అబ్బే! మీ భుజాలకి అవి సెట్ అవ్వవండీ. మెడ పట్టేస్తది. పైగా లారీ అడ్డమొస్తే బ్రేకు అందొద్దా? మీకున్న బలానికి అవెందుకు? గాలే మిమ్మల్ని చూసి తప్పుకుంటది."

బ్రేకు సంగతి నిజమే. అందులో వంక పెట్టడానికి లేదు. టైర్లు మార్పించి, బార్ల ఊసు వదిలేశాను. "అంత మనసుంటే కొనుక్కోండి, ఆయన్ని అడిగేదేంటి?" అంది మా ఆవిడ. "నీకు తెలీదు ఊరుకో. వద్దని చెప్పేవాడికి లాభమేముంటుంది?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పోటీ రోజు పొద్దున్నే, సైకిళ్ళు నిలబెట్టే చోట అతని సైకిలు చూశాను. దానికి బార్లు!

"ఏంటి తమ్ముడూ ఇది?"

"ఊరికే భాయ్, నిన్ననే బిగించా. ట్రై చేద్దామని."

మోచేతులు ఆనే మెత్తలు చెమటకి నల్లబడి, అంచులు పీలికలై ఉన్నాయి. అరుగుదల చూసి వయసు చెప్పడమే నాకు కూడు పెట్టే పని. అవి నిన్నటివి కావు, నెలల నాటివి. ఆడిట్ ఉంది రాలేనన్న పొద్దులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నాతో వచ్చే రోజున వాటిని విప్పేసి వచ్చేవాడన్నమాట! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు. ఒళ్ళు భగ్గుమంది. తిడదామంటే ఈతకి పిలిచేశారు.

పోటీలో ఒకరి వెనక ఒకరు నక్కి తొక్కకూడదు. ఎవరి గాలి వాళ్ళు పడాల్సిందే. ఎదురుగాలిలో అతను బార్ల మీదికి ఒంగి, ఎంతో అలవాటుగా, నన్ను దాటి వెళ్ళిపోయాడు. నేను నిలువునా ఆ గాలికి ఎదురు తొక్కుతూనే ఉన్నాను. గడువు మళ్ళీ దాటింది. సమయం లెక్కకట్టడానికి కాలికి కట్టిన చిప్ విప్పేశారు. మా ఆవిడ సీసా తీసుకుని నేను కూలబడ్డ చోటికే వచ్చింది. నేను తాగకుండా పక్కన పెట్టేశాను.

అతను మెడలో మెడల్‌తో వచ్చాడు. "నాకెందుకు వద్దన్నావు తమ్ముడూ?" అని అడిగాను.

"అయ్యో, నేనన్నానని మానేశారా ఏంటి భాయ్? ఎవరిది వాళ్ళు చూసుకోవాలి కదండీ" అన్నాడు.

మొహంలో సిగ్గు లేదు సరికదా, ఆశ్చర్యం. కావాలని ముంచాడా, నా గురించి అసలు ఆలోచించనే లేదా? రెండోదైతే ఇంకా ఘోరం.

వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు.

"రేపు వస్తున్నారా భాయ్? గాలి బాగా ఉందంట. మీరు ముందుంటే..."

"వద్దు తమ్ముడూ" అన్నాను. "నీకున్న బలానికి నేనెందుకు?"