టీవీ సౌండు పెంచిన ఇల్లు

గౌలిపురాలో మా గల్లీ ఆడవాళ్లం కలిసి కమ్యూనిటీ రేడియోకి నాటకం చేశాం. పెళ్లాన్ని కొట్టే మొగుడి కథ. రాసింది నేనే, మొగుడి గొంతూ నాదే.

"అరుసుడే గదా, నువ్వు కొత్తగ యాక్టింగ్ చేసేదేమున్నది?" అన్నాడు మా ఆయన.

కొట్టే సీను దగ్గర లొల్లి మొదలైంది. రేడియో డైరెక్టరుగారు ఒక ఉరుము, దాని వెనక వయొలిన్ పెడతానన్నారు.

"ఏంది సారూ, మా గల్లీల పెండ్లాన్ని కొడితే వయొలిన్ ఎవడు వాయిస్తడు? ముందుగాల టీవీ సౌండు పెంచుతరు, గంతే" అన్నాను.

మిగతా ఆడవాళ్లు తలలూపారు. ఒక్కరూ నవ్వలేదు.

నేనేమీ కల్పించలేదు. మా పక్క వాటాలో ఉండేది ఆఫీసు ఉద్యోగి, మహా మర్యాదస్తుడు. కొన్ని సాయంత్రాలు అతని టీవీ ఉన్నట్టుండి గోడ అదిరేలా అరుస్తుంది. మర్నాడు అతని భార్య చెంప మీదుగా కొంగు కప్పుకుని నీళ్లు పడుతుంది. ఏమైందని అడిగితే బిందె ఎత్తుకుని లోపలికి పోతుంది.

నాటకం ప్రసారమైంది. ఉరుము లేదు, వయొలిన్ లేదు. టీవీ సౌండు పెరగడమే. ఇకనుంచి ఏ ఇంట్లో సౌండు పెరిగినా వెళ్లి తలుపు తట్టాలని అనుకున్నాం.

మా మొదటి దాడి ఒక చెవిటి అవ్వ మీద జరిగింది. "మంచిగొచ్చిండ్రు, కూసోండ్రి బిడ్డా! కోడలికి ఇప్పుడే విషం కలుపుతున్నరు" అంది, సీరియల్ మీంచి చూపు తిప్పకుండా.

రెండోది పక్క వాటా. అతను తలుపు సగమే తెరిచాడు.

"క్రికెట్ మ్యాచ్ మేడమ్."

"మాకు గూడ మస్తు ఇష్టం తమ్మీ, జరుగు."

లోపలికి నడిచాం. టీవీలో ఎవరో టూత్‌పేస్టు అమ్ముతున్నారు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చెంప కమిలిపోయి. మేం దివాన్ మీద వరసగా కూర్చున్నాం.

"మీకు ఇండ్లల్ల పనుల్లేవా?" అన్నాడతను.

"మస్తున్నయ్. ఫికర్ చేయకు, మొగోళ్లు చేసుకుంటరు."

ఆమె వచ్చి టీవీ ఆపేసింది.

"కొట్టిండక్కా" అంది నాతో. "మీరు పోతే మళ్ల కొడ్తడు."

"మేమెందుకు పోతం? పోయేటోడు ఆయన."

అతను మమ్మల్నందరినీ ఒకసారి చూశాడు. చెప్పులేసుకుని మలక్‌పేటలో ఉన్న అన్న ఇంటికి బయలుదేరాడు. ఆమె లోపలినుంచి గడియ పెట్టింది. మేమింకా లోపలే ఉన్నాం.