నా నక్షత్రానికి బత్తాయిలు

జనగామలో పొద్దున రైలెక్కితే సీటు దొరకడానికి పూర్వజన్మ పుణ్యం ఉండాలి. నాకు లేదు. హైదరాబాద్‌లో పరిశోధన చేసేటప్పుడు రోజూ ఆ రైల్లో తలుపు పక్కన నిలబడి, ఒక చేతి మీద లాప్‌టాప్ మోస్తూ ఇంకో చేత్తో థీసిస్ రాసేదాన్ని. నెలాఖరుకు ఇచ్చెయ్యాలి.

నా పని పక్క గెలాక్సీలోని భారీ పడుచు నక్షత్రాల మీద. వాటి అతినీలలోహిత కాంతిని మన గాలి నేల దాకా రానివ్వదు. అంతరిక్షంలోని టెలిస్కోపు దాన్ని పట్టి, విడదీసి పంపితే మా దగ్గర వంకర గీతగా కనిపిస్తుంది. అందులోని గుంటలను బట్టి నక్షత్రం వేడి ఎంతో చెబుతాం.

ఒకరోజు ఆ గీతను ఓ అక్క తొంగి చూసింది. దవాఖానలో ఆయా కాబట్టి ఆమె మాటకు మా బోగీలో తిరుగులేదు.

"ఈసీజీ గదా. ఎవరిది చెల్లె? మస్తు పరేషాన్ల ఉన్నట్టుండు. బతుకుతడా?"

అంత పెద్ద నక్షత్రాలు నిజంగానే ఎక్కువకాలం బతకవు. "కష్టమే అక్కా" అన్నాను. ఆమె పక్కవాళ్లను జరిపి చోటిచ్చింది. నేను కూర్చున్నాను. నిజం చెప్పే సమయం అక్కడితో దాటిపోయింది.

మూడు వారాలు కడుపులో చల్ల కదలకుండా కూర్చుని రెండు అధ్యాయాలు రాశాను. "ఇయ్యాల ఎట్లున్నడు?" అని అడిగితే "వేడి తగ్గలేదు" అనేదాన్ని. ఒకామె చర్చిలో ప్రార్థన చేయించింది. ఓ అవ్వ శనివారాలు ఒక్కపొద్దు మొదలుపెట్టింది. సిగ్గేసింది కానీ లేవలేదు.

చివరి అధ్యాయం మిగిలుండగా అక్క సంచి నిండా బత్తాయిలతో ఎక్కింది.

"ఇయ్యాల అందరం చూసిపోతం. ఏ దవాఖాన?"

సీటు పోతే పోనీ, ఆ అవ్వ మొహం చూడలేక మొత్తం చెప్పేశాను. అది మనిషి కాదు, నక్షత్రం. దాని వెలుగు మన దాకా రావడానికే రెండు లక్షల ఏళ్లు పడుతుంది. ఇప్పుడు ఉందో పోయిందో నాకూ తెలియదు. బ్యాగు తీసుకుని లేచాను.

అక్క నా బ్యాగు లాక్కుని పక్కన పెట్టింది.

"మా మరిది గీ రైల్లనే వస్తడు. ఒక్కనాడు నాకు సీటు పట్టలే. నీ చుక్కాయన గంత దూరంల ఉండి నీకు మూడు వారాలు సీటు ఇప్పిచ్చిండు. కూసో, రాసుకో."

నా చేతిలో ఓ బత్తాయి పెట్టింది. అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఉన్నడేమో గద బిడ్డా?"

"ఉండొచ్చు అవ్వా."

"అయితే ఈ శనివారం గూడ ఒక్కపొద్దు ఉంట."